వాళ్ల గోడ మీది ముఖం

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర అప్పట్లో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, వాటితో పాటు ఇంకో పని. భార్యాభర్తల్లో ఒకరు పోయి, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేకపోతే, విడివిడి ఫొటోలు తెచ్చి ఇచ్చేవారు. కంప్యూటర్లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టేవాణ్ణి. మనుషుల్ని కలిపే పని నాది అని తెగ మురిసిపోయేవాణ్ణి. ఏం మురిపెమో!

ఒకరోజు ఒక నేత కార్మికుడి భార్య వచ్చింది. చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. భర్త పోయి రెండు నెలలు. కొంగు ముడి విప్పి ఆయన గుర్తింపు కార్డు ఇచ్చింది. దాని మీద గోరంత ఫొటో, ముడతలు పడి కార్డుకు అతుక్కుపోయి ఉంది. ఆయనది అదొక్కటే ఉందని రెండుసార్లు చెప్పింది. అలాంటప్పుడు ముందు కెమెరాతో నకలు తీసుకుని, ఆ తర్వాతే జిగురు వదలడానికి నీళ్లలో నానబెట్టాలి. నాకు పని నేర్పినాయన మొదటిరోజే చెప్పిన మాట అది. నేను నేరుగా నానబెట్టేశాను. శ్రావణమాసం, ఉరుకుంద ఈరన్న జాతర. బస్సులు బస్సులుగా జనం. అక్కడ ఫొటోలు తీద్దామని కెమెరా పట్టుకుని పరిగెత్తాను. గంటలో వద్దామనుకున్నవాణ్ణి మరునాడు వచ్చాను. నీళ్ల పళ్లెంలో కాగితం తెల్లగా తేలుతోంది. ముఖం కరిగి నీళ్లలో కలిసిపోయింది.

చెప్పొచ్చు కదా? పొరపాటైంది తల్లీ అని ఆమె కాళ్ల మీద పడొచ్చు కదా? నోరు రాలేదు. మా నాన్న వయసులో ఉన్నప్పటి ఫొటో స్టూడియోలోనే ఉంది. వేరేవాళ్లదైతే ఎవరైనా గుర్తుపడతారు. మాది ఆదోని, మా నాన్న అప్పటికే పోయాడు, ఎమ్మిగనూరులో ఆయన్ని ఎరిగినవాళ్లు లేరు. ఆ ముఖాన్నే తెచ్చి ఆమె ఫొటో పక్కన కూర్చోబెట్టాను. భయంతో చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, భయపడినవాడు అంత నింపాదిగా చొక్కా రంగు మార్చి, మీసం సన్నం చేసి, చెంప మీది మచ్చ చెరుపుతూ కూర్చుంటాడా?

వారం తర్వాత ఆమె వచ్చింది. కార్డు ఎక్కడో పడిపోయిందన్నాను. ఫ్రేము కట్టిన ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“అప్పా, ఈయన ఇట్ల ఉన్నాడా? ముక్కు ఇంత పొడుగు లేకుండె గదా?”

“చిన్న ఫొటో పెద్దది చేస్తే అట్లనే కనపడ్తాదక్కా.”

కొంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది.

“ఏమోప్పా. ఏడ్సి ఏడ్సి నాకే ముఖం మర్సిపోతాండాది. కంపూటర్ తప్పు సెప్తాదా?”

కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. ఫొటో పోగొట్టడం పొరపాటు. ఆమె గుర్తే తప్పని ఆమెను నమ్మించడం పాపం. ఈ తేడా నాకు ఆ రోజే తెలుసు.

స్టూడియో మూసేసి చాలా ఏళ్లయింది. ఆదోనిలోనే ఉంటూ నాకు నచ్చిన ఫొటోలు తీసుకుంటున్నాను. బతికున్నవాళ్లను, వాళ్లింట్లో పోయినవాళ్ల ఫొటోలతో కలిపి తీస్తే మనుషుల మధ్య బంధం కనిపిస్తుందని ఈమధ్య ఒక ఆలోచన వచ్చింది. ఎమ్మిగనూరు నేతవాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. ఒక ఇంట్లో మగ్గం మీద ఉన్న అమ్మాయి లేచి, గోడ మీది ఫొటో దింపి ఒళ్లో పెట్టుకుంది. కుంకుమ బొట్టుతో మా నాన్న, పక్కన వాళ్లమ్మ. ఆ తల్లి పోయి రెండేళ్లయిందట.

“అన్నా, నాకు మా నాయన పోలికలు ఉండాయా?” అని అడిగింది.

“ఉండాయి పాపా,” అన్నాను. అని, సిగ్గులేకుండా ఫొటో కూడా తీశాను.

ఆదోనిలో ఒక హాల్లో ఆ ఫొటోలన్నీ పెట్టాను. అందరూ ఆ అమ్మాయి ఫొటో ముందే ఆగారు. తండ్రి కళ్లే బిడ్డకు వచ్చాయన్నారు. రక్తసంబంధమంటే ఇదీ అన్నారు. నేను చేతులు జోడించాను. ఆఖరిరోజు మా అమ్మ వచ్చింది. వద్దంటే వినలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, అక్కడ నిలబడిపోయింది. మీసం మార్చినా, మచ్చ చెరిపినా ఒక్క క్షణం తడబడలేదు.

“మీ నాయన పక్కన ఆ ఆడమనిషి ఎవర్రా?”

ఆలస్యమైందంటూ అమ్మను ఇంటికి తీసుకొచ్చేశాను. అమ్మ ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో నాన్న ఫొటోకు పూలు పెట్టడం మానేసింది. రెండో సంసారం ఉండేదేమోనని, పోయిన మనిషిని అనుమానిస్తూ నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అయ్యో, నా తప్పు ఆయన మెడకు చుట్టుకుంది. అయిదో రోజు అమ్మకు అంతా చెప్పేశాను. తిట్టలేదు, కొట్టలేదు.

“ఆ పాపకు సెప్పినావా?” అని మాత్రం అడిగింది.

లేదు. చెబితే తండ్రి పోతాడు. బదులు ఏం ఇవ్వగలను? ఆ గోరంత ఫొటోను చివరిసారి చూసింది నేనే. ఎన్ని రోజులుగానో కళ్లు మూసుకుని వెతుకుతున్నాను. ముక్కు గుర్తులేదు, కళ్లు గుర్తులేవు. ఇదంతా రాశాక గొంతులోది కాస్త కదిలినట్టుంది. క్షమించమని అడగను, మీరు క్షమించేదేమీ లేదు. గుర్తున్నదల్లా, ఆ కార్డు మీది ఫొటోలో ఆయన చొక్కాకు పై గుండీ లేదు. ఎమ్మిగనూరు బస్సెక్కితే, ఆ అమ్మాయికి నేను తీసుకెళ్లగలిగేది అదొక్కటే.