కమలాపురంలో జర్మను పాఠం

మా పై వాటాలో అద్దెకున్న నర్సమ్మాయి జర్మనీలో ఉద్యోగానికి పోవడానికి ఆ భాష నేర్చుకుంటోంది. మొన్న పొద్దున డాబా మీద బట్టలారేస్తూ డేర్ టిష్, డీ ట్యూర్, డాస్ ఫెన్‌స్టర్ అని వల్లె వేస్తుంటే, కింద కాఫీ కలుపుకుంటున్న నా చేయి ఆగిపోయింది. బల్ల మగది, తలుపు ఆడది, కిటికీ రెండూ కాదు. అరవై ఏళ్ళు దాటినా ఆ మూడూ నా నాలుక మీద అలాగే ఉన్నాయి. నాకు జర్మను వచ్చునంటే ఎవరూ నమ్మరు, నిజానికి రాదు కూడా. వచ్చిన ఆ కాస్తా ఎందుకు నేర్చుకున్నానో మాత్రం చెప్పాలనిపిస్తోంది. ఆ రోజుల్లో కొత్తకోడళ్ళుగా ఉన్నవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు నాకు పెళ్ళయింది. పుట్టిల్లు కడప, ఎస్సెల్సీ దాకా చదివాను. మెట్టినిల్లు కమలాపురం, మామగారికి అక్కడ బట్టల దుకాణం ఉండేది. మా ఆయన ఇంజనీరింగు చదివి ఒక యంత్రాల ఫ్యాక్టరీలో కుదిరారు, వాళ్ళు ఆయన్ను రెండేళ్ళ శిక్షణకు జర్మనీ పంపారు. పెళ్ళయిన నెలన్నరకే బొంబాయిలో ఓడ ఎక్కారు. ఆ నెలన్నరలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఒక కాగితం కూడా నిండదు.

ఉత్తరాలు నెలకొకటి మామగారి పేరున దుకాణానికి వచ్చేవి. ఆయన మధ్యాహ్నం భోజనానికి వస్తూ తెచ్చి, నడవలో కూర్చుని అందరికీ వినబడేలా చదివేవారు. అక్కడి చలి, ఉడకబెట్టిన బంగాళాదుంపలు, యంత్రాలు అన్నీ అయ్యాక చివరన ఇంట్లో అందరినీ అడిగినట్లు చెప్పవలెనని ఉండేది. ఆ అందరిలో నేనూ ఒకదాన్ని. భార్యాభర్తలు విడిగా ఉత్తరాలు రాసుకోవడం ఆ ఇంట్లో లేదు. రాసుకున్నా మామగారు విప్పి చూడకుండా నా చేతికి వచ్చేవి కావు. అది ఆయన చెడ్డతనం కాదు, అప్పటి పద్ధతి.

మా ఆయన వదిలి వెళ్ళిన పుస్తకాల్లో ఇంగ్లీషులో రాసిన జర్మను వాచకం ఒకటి కనబడింది. మాటల పక్కన పెన్సిలుతో తెలుగులో ఉచ్చారణ రాసుకున్నారు. ఈ ఇంట్లో ఎవరూ చదవలేని భాష ఒకటి నాకు అందుబాటులో ఉందని అప్పుడు తట్టింది.

ఆ భాషలో ప్రతి నామవాచకానికీ ముందు డేర్, డీ, డాస్ అనే మూడింటిలో ఒకటి తగిలించాలి, ఎందుకని అడగకూడదు. చెంచా మగది, ముళ్ళ చెంచా ఆడది, కత్తి ఏదీ కాదు. చంద్రుడు మగవాడే గానీ సూర్యుడు ఆడది. మా సీమ ఎండల్లో పెరిగిన నాకు అది ఎంతకీ మింగుడు పడలేదు. సూర్యుణ్ణి వాళ్ళు జొన్నె అంటారు. రోట్లో ఊరిబిండి నూరుతూ డీ జొన్నె, డీ జొన్నె అనుకుంటుంటే అత్తగారు విని, "ఏమ్మా, జొన్నలు అయిపోయినాయా?" అన్నారు. సంగతి చెబితే కడుపుబ్బ నవ్వారు. ఇంకోనాడు, ఆడపిల్లను కూడా వాళ్ళు ఆడదాని కింద లెక్కవేయరు, వస్తువులతో చేర్చి డాస్ అంటారని చెప్పాను.

"మనం గూడా అది వచ్చింది, అది పోయింది అంటాము గదా. ఆడా అంతేనా?" అన్నారు. ఈసారి నవ్వలేదు.

ఆరు నెలలకు ఒక కాగితం రాశాను. బావి ఎండిపోయింది, సూర్యుడు మండుతున్నాడు, ఇల్లు పెద్దది, తలుపు వైపు చూస్తుంటాను, ఇలా ఎనిమిది వాక్యాలు. నడుమ ఒకచోట 'ఇష్ బిన్ అలైన్', నేను ఒంటరిగా ఉన్నాను, అని. మామగారికి ఇస్తూ, ఇది నేను నేర్చుకుంటున్న పాఠం, మీ ఉత్తరంతో పంపండి అన్నాను. ఆయన సంతోషించి, తన ఉత్తరం అడుగున, కోడలు పాఠం రాసినది, తప్పులు దిద్ది పంపవలెనని నా ఎదుటే చేర్చారు. వద్దని ఎలా అనను?

రెండు నెలలకు నా కాగితమే తిరిగి వచ్చింది, నిండా ఎర్రసిరాతో. డేర్ కొట్టేసి డీ, డీ కొట్టేసి డేర్. అంతకు మించి ఒక్క ముక్క లేదు. వెనక్కి తిప్పి చూశాను, అంచులు చూశాను.

"పదకొండు తప్పులుండాయి. శానా కష్టమైన బాస మాదిరుండాది," అని మామగారు ఓదార్పుగా అన్నారు.

అత్తగారికి చదువు రాదు. కాగితం చేతిలోకి తీసుకుని, ఎర్రగీత పడని ఒకే ఒక్క వరస మీద వేలు పెట్టి, "ఇదేందిమ్మా, దీన్ని ఇడిసిపెట్టినాడు?" అన్నారు.

నేను ఒంటరిగా ఉన్నానన్న ఆ వాక్యంలో నామవాచకం లేదు. మగా ఆడా చూసుకోనక్కర్లేదు గనుక తప్పు పడలేదు, అంతే.

"దాంట్లో తప్పు లేదత్తా," అన్నాను.

ఆమె నా మొహం చూసి కాగితం నా చేతిలో పెట్టేశారు. మర్నాటి నుంచి వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గరిటె మొగదా ఆడదా, చాట ఏంది, రోకలి ఏంది అని అడగడం మొదలుపెట్టారు. చాటకు జర్మను మాట నాకెక్కడ తెలుసు, నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఆమె శ్రద్ధగా వినేవారు. కాగితం మాత్రం మళ్ళీ రాయలేదు.

మా ఆయన తిరిగి వచ్చి, ఫ్యాక్టరీ క్వార్టర్సులో కాపురం పెట్టిన ఏడాదికి గానీ ఆ సంగతి అడగలేకపోయాను. "నాయన దిద్దమని రాసినాడు, దిద్దినా. ఏమన్నా రాద్దామనుకుంటి, ఏం రాయల్లో తెలీలేదు," అన్నారు. ఆ ఒక్క వాక్యం సంగతేమిటని అడిగితే, "దాంట్లో దిద్దేదేముండాది? నేను గూడా ఆడ అంతే గదా," అని కిటికీలోంచి బయటికి చూశారు. ఆ నాలుగు మాటలూ కాగితం అంచున గిలికి ఉంటే మిగిలిన ఆ రోజులన్నీ నాకు ఇంకోలా గడిచేవని చెప్పలేదు. చెబితే బాధపడతారు.

తర్వాత నలభై ఏళ్ళు బాగానే బతికాము. పిల్లల చదువుల గురించి, నీళ్ళ గురించి, ఆయన మోకాళ్ళ నొప్పి గురించి బోలెడు మాట్లాడుకున్నాము, అలాంటి మాట మాత్రం మళ్ళీ మా మధ్య రాలేదు. ఇప్పటి పిల్లలు వేరే వేరే ఊళ్ళలో ఉన్నా గంటకోసారి ఫోనులో మొహాలు చూసుకుంటారు, అలుగుతారు, బతిమాలుకుంటారు. చూస్తే నాకు సంతోషమే. మా కాలంలో ఒక్క మాట రాయడానికి ఆరు నెలలు పట్టింది, దాని జవాబు వినడానికి ఇంకో మూడేళ్ళు. ఇప్పుడు అడిగిన క్షణాన జవాబు వస్తుందట. ఆయన పోయాక, అడుగుదామన్నా నాకు మనిషే లేడు.