లాభం, రెండు, మూడు

నా చిన్నప్పుడు బనగానపల్లె మామిడి మండీలో రాశులు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ ‘ఒకటి’ అనేవాళ్లు కాదు. మొదటి రాశిని ‘లాభం’ అని, ఆ తర్వాత ‘రెండు, మూడు’ అని సాగేవాళ్లు. శుభమా అని మొదలుపెడుతూ ఒంటి అంకె పలకడమేమిటని వాళ్ల పట్టింపు. ధాన్యం కొలిచేవాళ్లూ అంతే. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీండి. ఆ ఒక్క మాట మా కొంప ముంచబోయి, చివరికి నాకు బతుకుతెరువు చూపించింది.

మా నాయన తోటల మీద కాయ కొని, మండీలోని మా అంగడి ముందు రాశులు పోసి అమ్మేవాడు. చదువు రాదు గానీ నోటిలెక్కలో ఆయన్ను మించినవాడు లేడు. ఐదో తరగతిలో ఉన్న నా రాత గుండ్రంగా ఉంటుందని పద్దు పుస్తకం నా చేతికిచ్చాడు. సాయంత్రం బడి నుంచి రాగానే ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. “లాభం, మూడు వందల నలభై. రెండు, రెండు వందల తొంభై.” మొదటి రాశికి ఒకటి అంకె వేయాల్సిన చోట ‘లాభం’ అని అక్షరాలా రాసి, ఎదురుగా ఆ రాశి అమ్మిన ధర వేశాను. సీజనంతా రోజూ అదే. ఎంత బుద్ధిమంతురాలినో చూడండి!

ఒక ఏడాది ఆదాయపు పన్ను వాళ్లు పుస్తకం చూపించమని కాగితం పంపారు. ఆఫీసరుకు తెలుగు రాదని విని, నాయన టైపు కొట్టే ఆయన చేత పుస్తకాన్ని ఇంగ్లీషులోకి దింపించి పంపాడు. ఆ మహానుభావుడు లాభమంటే లాభమే కదా అని ప్రతి రోజూ మొదటి వరుసలో అదే మాట ఇంగ్లీషులో కొట్టి పడేశాడు. నెల తిరక్కుండా రెండో కాగితం వచ్చింది. రోజుకు ఇంత లాభం వచ్చిందని మీ పుస్తకమే చెబుతోంది, మీరు చూపించింది అందులో నాలుగో వంతు కూడా లేదు, దీనికి ఏమంటారు అని. జవాబు చెప్పుకోలేకపోతే పన్నూ, పైన జరిమానా. అంత డబ్బు కట్టాలంటే అంగడి అమ్ముకోవాల్సిందే.

“ఏం రాసినావే పాపా ఇది?” అన్నాడు నాయన. కొట్టలేదు. కొట్టినా బాగుండేది అనిపించింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆయన కొత్త పుస్తకం కొనుక్కొచ్చి నా ముందు పెట్టి, మొదటినుంచీ మళ్లీ రాయమన్నాడు. ఈసారి ‘లాభం’ ఉన్నచోటల్లా ఒకటి వేయాలట. పాతది టైపు ఆయన తప్పుగా చదివాడని చెప్పి, కొత్తది చూపిస్తాడట.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. వాళ్ల నాయన చర్చిలో గంట కొట్టేవాడు. అక్క కర్నూల్లో బీకాం చదివి, అక్కడే ఒక ఆడిటరు దగ్గర పని చేస్తూ, శని ఆదివారాలకు ఇంటికొచ్చేది. లెక్కలు చూసే ఆడమనిషిని నేను చూడటం అదే మొదలు. నా ముందున్న రెండు పుస్తకాలూ చూసింది, నా ఏడుపు మొహమూ చూసింది. కొత్త పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

“పాప తప్పు రాయలేదు మామా. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసింది. ఇప్పుడు తిరగరాపిస్తే అది తప్పయితాది” అంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. “పుస్తకంలోకి ఎక్కంది ఏమన్నా ఉండాదా?”

నాయన పైకప్పు చూశాడు. వాకిట్లోంచి మా అమ్మే, డోన్‌కు తోలినవి చెప్పరాదా అనేసింది. డోన్‌లో రైలుకెక్కించి, రొక్కానికి అమ్మి, ఎక్కడా రాయని లోడ్లు అవి. అక్క కాగితం తీసి, నాయన ఒక్కొక్కటే చెబుతుంటే వేళ్లు ముడుస్తూ రాసుకుంది. “లాభం, రెండు, మూడు, నాలుగు.”

నాయనకు ఒళ్లు మండింది. ఉన్నదానికే దిక్కు లేదు, లేనిది కూడా నెత్తినేసుకోమంటావా అని లేచాడు. అక్క జంకలేదు. “ఆ మాట లాభం కాదని ఆయప్ప నమ్మాలంటే, అసలు లాభం యాడుండాదో మనమే చూపించాల మామా” అంది. ఆ రాత్రి నాయన, చదవను రాకపోయినా, పాత పుస్తకాన్ని ఒక్కో పేజీ తిప్పి చూశాడు. సోమవారం పొద్దున అక్క వెంట కర్నూలు బస్సెక్కాడు, నన్నూ ఎక్కించాడు. పాత పుస్తకం నా ఒళ్లో ఉంది.

ఆఫీసరు ముందు అక్క సంచిలోంచి నిమ్మకాయలు తీసి బల్ల మీద పోసింది. లెక్కపెట్టు అంది నన్ను. ముందుగా ఏమీ నేర్పలేదు. నేను అలవాటు కొద్దీ “లాభం, రెండు, మూడు” అంటూ పోయాను. అక్క ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. ఆయన నా వంక చూసి, పుస్తకం వంక చూసి, పకపకా నవ్వాడు. అప్పుడు అక్క డోన్ కాగితం ముందుకు జరిపింది. ఆయన నవ్వు ఆగిపోయింది. అడక్కుండానే ఇది ఎందుకు చెబుతున్నావని, అక్క ద్వారానే నాయనను అడిగాడు.

“మా పాప రాసింది నిజమని మీరు నమ్మాల సార్” అన్నాడు నాయన.

అక్కడే, అందరి ముందూ భోరుమన్నాను.

ఆ నాలుగు లోడ్లకూ పన్ను పడింది, కొంత జరిమానా కూడా పడింది. అమ్మ గాజులు కుదువకు పోయి, మరుసటి సీజనుకు తిరిగొచ్చాయి. అంగడి మాత్రం మాకు మిగిలింది. అక్క ఒక్క రూపాయి ముట్టలేదు. ఆ కొత్త పుస్తకం నాకే ఇచ్చి, ఇకమీదట దీంట్లో అంకెలు వెయ్యమ్మా తల్లీ అని నా చెవి మెలేసింది.

ఆ అక్క ఇప్పుడు లేదు. ఆమె దయవల్లే నేనూ బీకాం చదివాను, చిన్న అంగళ్ల వాళ్లకు పన్ను కాగితాలు రాసిపెడుతూ ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు కంప్యూటరు మీటలు నా మనవరాలు నొక్కుతుంది. అక్క అడిగిన ఆ ప్రశ్న మాత్రం నేనే అడుగుతాను, ఇంకెవరికీ వదలను. మొన్న టిఫిను బండి అబ్బాయి వచ్చాడు. పుస్తకంలోకి ఎక్కంది ఏమన్నా ఉండాదా అంటే, ఫోన్లో డబ్బు పడే ఇంకో ఖాతా ఉందని ఒప్పుకున్నాడు. నా వేలు దానంతటదే ముడుచుకుంది. “లాభం” అన్నాను.

“పన్ను కట్టేదాంట్లో లాభమేముండాది జేజీ?” అని విసుక్కున్నాడు.

“ఉండాది, కూర్చోప్పా. రెండోది చెప్పు” అన్నాను.