రెసిన్ బిళ్ళలో అమ్మ కాగితం

ఇంట్లో మా అన్నకి నేను పెట్టిన పేరు 'అయిపోయింది'. పని మొదలుపెట్టిన పావుగంటకే ఆ మాట అనేస్తాడు మరి. చేసేది లిఫ్టు మెకానిక్ ఉద్యోగం. అక్కడ తాడు మూడుసార్లు చూసుకోందే స్విచ్చు మీద వేలు పెట్టడు. ఇంటికొచ్చి సరదాకి చేసే చేతిపనుల దగ్గరే ఈ జబ్బు. గరుకు కాగితంతో రుద్దకుండా అలమరకి రంగేశాడు, నెల తిరక్కుండా పెచ్చులూడింది. గుడ్డ తడిపి ఆరబెట్టకుండా వదినకి సంచీ కుట్టాడు, ఒక్క ఉతుక్కి పిల్లల సంచీ అయింది.

"సరదా పనికి కూడా రూల్సేంటే?" అనేవాడు. మేమూ పగలబడి నవ్వేవాళ్ళం. ఆ నవ్వులే నా కొంప ముంచాయి.

తర్వాత రెసిన్ పిచ్చి పట్టింది. అచ్చులో పువ్వో గవ్వో పెట్టి ఆ ద్రవం పోస్తే గాజుబిళ్ళలా గట్టిపడుతుంది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు, అదీ మొదటి ఐదు నిమిషాలూ సోది అని దాటేసి.

నా దగ్గర అమ్మ రాసిన కాగితం ఒకటి ఉండేది. చివర్లో ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేస్తే, మాట్లాడలేక రెండువైపులా నాకు రాసిచ్చింది. అమ్మ చేతిరాత మాకు మిగిలింది అదొక్కటే. మడతల దగ్గర అది చిరుగుతుండడం అన్న చూశాడు.

"ఇటివ్వవే, చెక్కుచెదరకుండా చేసిస్తా."

"ముందు ఏదైనా పాత బిల్లు మీద చేసి చూడన్నయ్యా."

"సర్లేవే, నాకు తెలీదా!"

ఫోటో తీసి పెట్టుకోవాలన్న ఇంగితం నాకూ లేకపోయింది.

కాగితానికి రెండువైపులా జిగురు పూసి, ఆరాక రెసిన్ పోయాలట. వాడు దాటేసిన ఐదు నిమిషాల్లో ఉన్నది అదే. నేరుగా పోసేశాడు. కాగితం నూనెలో ముంచినట్టయి, ఇటు రాతా అటు రాతా కలిసిపోయి, సిరా పాకిపోయింది. మర్నాడు బిళ్ళ నా చేతిలో పెట్టి తల దించుకున్నాడు. ఒక్క ముక్క చదవడానికి లేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన అడ్డు రాకపోతే దాంతోనే వాడి నెత్తి పగలగొట్టేదాన్ని.

ఇప్పుడు మారాడు మహానుభావుడు. ఏది చేసినా ముందు చిత్తుకాగితం మీద చేసి చూస్తాడు. "ఎంత ఓపికండీ మీ అన్నయ్యకి!" అని పక్కింటావిడ అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ ఓపిక ఆ రోజు ఎక్కడ చచ్చింది?

మొన్న ఆదివారం తెల్లకాగితం, పెన్ను తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మ రాసింది నువ్వు చెప్పవే, నేను మళ్ళీ రాసి సరిగ్గా చేస్తా."

"నువ్వు చదవలేదా?"

"నీకు రాసింది కదా అని చదవలేదు. మడత విప్పి అచ్చులో పెట్టేశా."

'వేళకి తిను' అన్న మొదటి మాట చెప్పాను. రెండోదీ చెప్పాను. మూడోదాని దగ్గర ఆగిపోయాను. కాగితం పెట్టెలో ఉంది కదా అని, అమ్మ పోయాక పన్నెండేళ్ళలో ఎప్పుడూ కంఠతా పట్టలేదు. వాడు పెన్ను పక్కన పెట్టాడు.

"పోనీ, నా గురించి ఏమైనా రాసిందా?"

వెనకవైపు అంతా వాడి గురించే. ఆఖరి రోజుల్లో కూడా అమ్మకి వాడే ఎక్కువయ్యాడన్న అక్కసుతో నేనే ఎప్పుడూ చూపించలేదు.

"రాసిందన్నయ్యా," అన్నాను. "ఏం రాసిందో గుర్తు రావట్లేదు."