ఐలవ్వ రొట్టెల అడ్డా

కాగజ్‌నగర్ స్టేషన్ రోడ్డు మీద రోజూ సాయంత్రం మూడు రాళ్లు పెట్టి, పొయ్యి అంటించి, జొన్నరొట్టెలు చేసి అమ్మే మనిషి ఐలవ్వ. పేపరు మిల్లు మూతపడ్డ ఏడాది ఆమె మొగుడు హనుమండ్లు మస్కట్ పోయాడు. మిల్లు మళ్లీ తెరుచుకుంది గాని హనుమండ్లు తిరిగి రాలేదు. ఆయన ఫోను వస్తుంది, పైసలు మాత్రం గుర్తుకొచ్చినప్పుడు వస్తాయి. ఇంటి కిరాయి, కూతురు ప్రవళిక కాలేజీ చదువు, అంతా ఆ పెనం మీదనే.

రోడ్డు పక్క అడ్డా అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. దానికి పట్టా ఉండదు, తాళం ఉండదు. రోజూ వచ్చి కూర్చుంటేనే అది మనది, నాలుగు రోజులు కనపడకపోతే ఇంకొకరిది. ఆకలైనవాళ్లు మనకోసం కాచుకుని ఉంటారా, పక్క బండి దగ్గరికి పోతారు. అందుకే ఐలవ్వ జ్వరంతో వణుకుతూ కూడా పోయి కూర్చునేది.

ఆ వానాకాలం పెద్దవాగు పొంగి బస్తీలోకి వచ్చింది. జనాన్ని ట్రాక్టర్లెక్కించి ఊరవతల ఒక ఫంక్షన్ హాలుకు చేర్చారు. ఐలవ్వ ఒక చేత్తో కూతుర్ని, ఒక చేత్తో పెనాన్ని పట్టుకుని ఎక్కింది. టీవీ మునిగిందని ఏడ్చినవాళ్లున్నారు, ఆమె పిండి డబ్బా తడిసిందని ఏడ్చింది.

హాలు బాధ్యత బస్తీ లీడర్ కొండల్‌ది. చెడ్డవాడేం కాదు. ఎక్కడెక్కడి నుంచో బియ్యం, దుప్పట్లు, మందులు ఉరికి ఉరికి తెచ్చాడు. తెల్లారగానే పని పంచాడు. మొగవాళ్లు బస్తీలో బురద ఎత్తాలి, వాళ్లకు దినం కూలి ఇప్పిస్తాడు. ఆడవాళ్లు హాల్లో అందరికీ వండాలి. దానికేమిస్తావని ఒక్కరూ అడగలేదు. మన తిండి మనం వండుకుంటే కూలేమిటని ఆడవాళ్లే అనుకున్నారు. ఐలవ్వ కూడా అనుకుంది, ఆమెను వెనకేసుకురావడం దేనికి! బియ్యం ఏరడం, కాగులు దించడం, అన్నం పడని ముసలివాళ్లకు విడిగా రొట్టెలు చెయ్యడం, పొద్దస్తమానం అదే పని.

అవి పెండ్లి వంటల కాగులు. ఆ కాగుల్లో వండి పేరు తెచ్చుకున్న మనిషీ అక్కడే ఉన్నాడు. ఐలవ్వ మరిది పరశురాములు. చుట్టుపక్కల పెండ్లిళ్లకు మటన్ వండాలంటే ఆయనే కావాలి, అందరూ మాస్టర్ అని పిలుస్తారు. ఇక్కడ మాత్రం నడుం నొప్పి అని బురద ఎత్తడానికి పోలేదు, ఆడవాళ్ల పని అని పొయ్యి దగ్గరికీ రాలేదు. పేకముక్కలతో పత్తాలాడుకుంటూ, అన్నం పలుకైందని వంకలు పెట్టాడు.

మూడో నాడు మధ్యాహ్నం, ఐలవ్వ పక్కింటి షాజాదీ బేగం దవాఖానకు పోయి వచ్చి చెప్పింది.

"ఐలవ్వా, నీ జాగల ఎవడో రొట్టెల బండి పెట్టిండు. గ్యాస్ పొయ్యి. మస్తు గిరాకీ ఉన్నది."

ఐలవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచింది. చేతులు కడుక్కుని నేరుగా కొండల్ దగ్గరికి పోయింది.

"తమ్మీ, నాలుగింటికల్లా నేను నా అడ్డకు పోవాలె."

"గిప్పుడెట్ల పోతవక్కా? రాత్రికి ఇంతమందికి ఎవరు వండుతరు? రెండు దినాలాగు. ఈడ నీకు తిండికి ఫికర్ లేదు గద."

"తిండికి లేదు. రెండు దినాలాగితె అడ్డ ఉండది. నీళ్లు దిగినంక నేనూ నా బిడ్డా దేని మీద బతకాలె?"

"మరి వంటో?"

"మా మరిది లేడా?"

పరశురాములు చేతిలో పత్తాలు దించకుండానే అన్నాడు. "ఉత్తగ గంటె పట్ట వదినె. వంట నా పని."

కొండల్ క్షణం ఆలోచించలేదు. "గట్లెట్ల ఉత్తగ చేపిస్త? మాస్టర్ కూలి మాస్టర్‌కు ఇప్పిస్త తియ్యి."

ఐలవ్వకు ఒళ్లు మండిపోయింది. మూడు రోజులుగా లేని కూలి, మొగవాడు గంటె ముట్టకముందే పుట్టుకొచ్చింది.

"మరి ఇన్నొద్దులు మేం చేసింది ఏంది తమ్మీ?"

"మీరు మనింటి మనుషులక్కా. మీకు కూలేంది?"

"పరశురాములు ఎవరింటి మనిషి? మా ఆయన తోడబుట్టినోడు గాదా?"

కొండల్ ఫోను చెవికి పెట్టుకుని పక్కకు పోయాడు. అది మోగినట్టు ఎవరికీ వినపడలేదు.

ఐలవ్వ పెనం సంచిలో వేసుకుని, దారిలో సత్తార్ పిండిగిర్నిలో జొన్నపిండి కొనుక్కుని స్టేషన్ రోడ్డుకు పోయింది. బండివాడి పేరు కొమురెల్లి.

"రెండొద్దులు ఎవరు రాకపోతె పెట్టుకున్ననక్కా," అన్నాడు. "మీకు క్యాంపుల తిండి పెడుతున్నరట గద. మల్ల నీకు గీ తిప్పలెందుకు?"

"పెడుతున్నరట ఏంది? పెట్టింది నేను!"

ఆమె బండి చక్రానికి ఆనించి మూడు రాళ్లు పేర్చి మంట పెట్టింది. రోజూ తినే ఆటో యూనుస్ వచ్చి, అలవాటు ప్రకారం ఆ పొయ్యి ముందే కూలబడ్డాడు. పొగ కంట్లో పడుతుంటే కొమురెల్లి గొణుక్కుంటూ బండిని మోరీ కాలువ అవతలికి నెట్టుకున్నాడు. సగం గిరాకీ బండి వెంటే పోయింది. మిగిలిన సగంతో ఐలవ్వ మళ్లీ మొదలుపెట్టింది.

పొద్దుగూకాక కొండల్ మోటర్ సైకిల్ మీద వచ్చాడు.

"మాస్టర్ పెండ్లి వంట చేసిండక్కా, నోట్ల పెట్టలేనంత కారం. ముసలోళ్లు తింటలేరు. జర రొట్టెలు కట్టియ్యి."

ఐలవ్వ వేడివేడిగా చేసి, పేపర్లో చుట్టి, ధర చెప్పింది.

"ముసలోళ్లకేనక్కా!"

"నేను ముసలోళ్లను అడుగుతలేను, నిన్ను అడుగుతున్న. రేపటి సంది వండెటోళ్లందరికి కూలి మాట్లాడు. లేకుంటె షాజాదీని తోలుకొచ్చి పక్కన ఇంకో పొయ్యి పెట్టిస్త."

కొండల్ జేబులో చెయ్యి పెట్టాడు. ఐలవ్వ ఆ పైసలు కండ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.

తెల్లారి హాల్లో ఆడవాళ్లకూ కూలి ఇస్తానని కొండల్ చెప్పాడు, మాస్టర్‌కు ఇచ్చినదాంట్లో సగం. షాజాదీ బేగం కోస్తున్న ఉల్లిగడ్డ పక్కన పెట్టి లేచింది. ఆమె వెంట మిగతావాళ్లూ లేచారు. ఆ పూట అన్నం ఎవరికీ టైముకు అందలేదు. కూలి మాత్రం అందరికీ సమానంగా కుదిరింది.