బాబాయి దవడ, నాయనమ్మ సున్నుండలు

ఆ రోజుల్లో మా తిరువూరు ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా నొప్పితో పాటు చుట్టూ ఉన్నవాళ్ల ప్రేమనూ భరించాల్సి వచ్చేది. నేను కాలేజీలో చేరిన ఏడు, మా బాబాయి ఎద్దును కట్టేస్తుంటే అది తల విసిరింది. కొమ్ము తగల్లేదు (అదృష్టమని అందరూ అన్నారు), దాని నుదురు దవడకు తగిలి బుగ్గ బూరెలా వాచింది. నాయనమ్మ ఆముదం వెచ్చచేసి పొద్దునా సాయంత్రం గట్టిగా రుద్దేది. పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా ఊరికే వెళ్తే మర్యాద కాదన్నట్టు తలా కాసేపు రుద్ది, కాఫీ తాగి వెళ్లేవారు. పెనుగొలను మేనత్తయితే బస్సు దిగిన చేతుల్తోనే మొదలుపెట్టింది. వాపు తగ్గింది గానీ నోరు బిగుసుకుపోయింది. బాబాయి అప్పుడే గంపలగూడెం బళ్లో టీచరుగా చేరాడు. పళ్ల సందులోంచి మజ్జిగ పీల్చుకుంటూ, "నోరు తెరవని పంతుల్ని ఎవరుంచుకుంటారే అమ్మాయ్" అన్నాడు నాతో. ఆ ముక్క అనడానికే ఆయాసపడ్డాడు.

బెజవాడ తీసుకెళ్లారు. ఇంగ్లీషు వచ్చని నన్నూ వెంటబెట్టుకెళ్లారు (డాక్టరుగారు చెప్పిన జబ్బు పేరు నాకూ అర్థం కాలేదు, తల మాత్రం ఊపాను). ఆయన ఎక్స్‌రే చూపించి, దెబ్బ తగిలిన చోట నమిలే కండలో ఎముక తయారవుతోందని తెలుగులో చెప్పి, "రుద్దారా?" అని అడిగారు. అందరం నాయనమ్మ వైపు చూశాం.

"కన్నతల్లిని, రుద్దకుండా ఎలా ఉంటానండీ?"

"రుద్దితే ఇంకా పెరుగుతుందమ్మా. కొన్నాళ్లు ముట్టుకోకండి. అది కుదురుకున్నాక తీసేద్దాం," అన్నారాయన మెత్తగా.

తిరుగు బస్సులో నాయనమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది, విప్పితే అవి వాటంతటవే కొడుకు బుగ్గ మీదికి వెళ్తాయన్నట్టు.

కొన్ని నెలలకు ఆపరేషనయింది. రోజూ నోరు తెరిపించకపోతే మళ్లీ బిగుసుకుంటుందన్నారు. దాంతో ఖాళీగా ఉన్న ఆ చేతులకు పని దొరికింది. సున్నుండలు మొదట రేగుపండంత కట్టింది, తర్వాత ఉసిరికాయంత. కొరకడానికి వీల్లేదు, మొత్తం ఒకేసారి నోట్లో పట్టాలి. బాబాయి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నోరు తెరిచేవాడు. నిమ్మకాయంతది పట్టిన రోజు ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆయన తీరిగ్గా నమిలి మింగి, "అమ్మా, నెయ్యి తక్కువైంది" అన్నాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. మర్నాటి నుంచి బాబాయి నోటికి అడ్డూ ఆపూ లేదు.

ఈ సాయంత్రం మా బుజ్జిగాడు గడప మీద పడి గడ్డం కొట్టుకున్నాడు. చదువుకున్నదాన్నే, అంతా కళ్లారా చూసినదాన్నే, అయినా నా చెయ్యి ముందు నూనెసీసా దగ్గరికే వెళ్లింది. వెనక్కి తీసుకుని తడిగుడ్డ వేశాను. వాడు నిద్రపోయాక కూడా మనసు ఊరుకోక, నోరెంత తెరుచుకుంటుందో చూద్దామని పెదాల మధ్య వేలు పెట్టాను. నిద్రలోనే కసుక్కున కొరికాడు. వేలు మంటపుడుతుంటే, ఈ రాత్రి నాకు ఆనాడు బస్సులో నాయనమ్మ చేతులకు చుట్టుకున్న కొంగు గుర్తొచ్చి నవ్వొచ్చింది.