చేతులు ఆగిన చోటు

బాల్కనీలో చాప పరుచుకుని మా అత్తయ్య ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. గుంటూరు నుంచి మరిది పంపిన కాయలు. ఎండిన తొడిమ విరిగినప్పుడు టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది. లోపల గదిలో కూర్చుని ఒక సినిమాకి సీను రాస్తున్నదాన్ని, ఆ చప్పుడు వినగానే రాయడం మానేశాను. కాసేపటికి ఘాటు కూడా వచ్చింది. తుమ్ములు ఆగాక చూసుకుంటే అన్నపూర్ణమ్మగారి గురించే ఆలోచిస్తున్నాను.

ఆవిడ పేరు మీలో చాలామంది విని ఉండరు. ఒకప్పుడు వారపత్రికల్లో ఆవిడ దయ్యాల సీరియళ్ళు వచ్చేవి, తర్వాత సినిమాకీ రాశారు. పేరేమో అన్నపూర్ణ, వడ్డించేదేమో భయం అని సత్తెనపల్లిలో తెలిసినవాళ్ళంతా ఆటపట్టించేవాళ్ళు. ఆవిడా నవ్వేవారు. మనిషిని చూస్తే దయ్యాలతో ఏ చుట్టరికమూ ఉన్నట్టు కనిపించేవారు కాదు. ఉతికి ఆరేసిన నూలు చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, నోట్లో ఎప్పుడూ ఓ వక్కపలుకు. భర్త పోయాక మిర్చి వ్యాపారం తనే చూసుకునేవారు. ఇంటి వెనక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. పంట చేతికొచ్చే రోజుల్లో ఆడవాళ్ళు అక్కడ వరసగా కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు, రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్ళు.

నేను డిగ్రీ అయ్యాక బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. ఆవిడ కోడిగీతల రాత చదవగలిగింది నేనొక్కదాన్నే కావడంతో నన్ను ఇంటికే పిలిపించుకున్నారు. దయ్యాల రచయిత్రి కదా, రాత్రంతా మేలుకుని రాస్తారని ఊహించుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే ఆవిడ రాసేది పొద్దున కాఫీ తాగి. దీపాలు పెట్టిన కాసేపటికే అన్నం తిని పడుకునేవారు. ఉండబట్టలేక అడిగేశాను.

"రాత్రిపూట రాస్తే భయం బాగా వస్తుంది కదండీ?"

"చీకట్లో భయపెట్టడం ఏముందమ్మా, పిల్లి కూడా భయపెడుతుంది. మిట్టమధ్యాహ్నం, ఈ పల్నాడు ఎండలో, వీధిలో కుక్క కూడా లేనప్పుడు భయపెట్టు. అప్పుడు చూద్దాం."

నిజంగానే ఆవిడ దయ్యాలన్నీ మధ్యాహ్నం పూటే వచ్చేవి. పైగా అవి ఎప్పుడూ కనిపించేవి కావు. దానంతటదే ఊడిన గడియ, ఆరిపోతున్న తడి పాదం గుర్తు, ఎవరూ తాగకుండా ఖాళీ అయిన మజ్జిగ గ్లాసు, అంతే. "కనిపించిందా, ఇక అది దయ్యం కాదు, వేషం" అనేవారు.

రాసిన ప్రతి అధ్యాయాన్నీ పత్రికకి పంపేముందు షెడ్డులో చదివించేవారు. మొదటిసారి నేను చదువుతుంటే ఆవిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. కునుకు పట్టిందేమోనని గొంతు తగ్గించాను. "గట్టిగా చదువు. నేను వింటోంది నిన్ను కాదులే" అన్నారు కళ్ళు తెరవకుండానే. మరి దేన్ని వింటున్నారో నాకు అంతుపట్టలేదు. కొన్నాళ్ళు చూడగా చూడగా తెలిసింది. షెడ్డంతా ఆ తొడిమలు విరిగే చప్పుడే, రేకుల మీద చినుకులు పడుతున్నట్టు. ఎంత కాయ తీస్తే అంత కూలి కాబట్టి ఆ ఆడవాళ్ళు మర్యాద కోసం చేతులు ఆపరు. కథలో భయం నిజంగా తగిలిన చోట మాత్రం వాళ్ళకి తెలియకుండానే ఆపేవాళ్ళు. ఆ చోటు ఆవిడ ఉంచేసేవారు. చేతులు ఆగుతాయనుకున్న చోట ఆగకపోతే ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాసేవారు.

"బాగుందని నోరు ఎవరికైనా చెబుతుంది పద్మా. చేతికి మొహమాటం ఉండదు" అని ఓసారి చెప్పారు.

నన్ను తొలిచేసిన సంగతి ఇంకొకటి ఉంది. మధ్యాహ్నమైతే చాలు, ఆ ఇంటి దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టేవారు. రోహిణి కార్తెలో కూడా. నిప్పుల గాలి తిన్నగా నా కంప్యూటర్ మీదికి కొట్టేది. తలుపు వేయబోతే "ఉండనీ, గాలి రానీ" అనేవారు. ఆ గాలి ఎవరికి కావాలి? అడిగితే మాట మార్చేవారు. అసలు మీకు దేనికైనా భయముందా అని అడిగాను. "ఎందుకు లేదూ, ఉంది" అన్నారు, ఏమిటో చెప్పలేదు.

వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో హైదరాబాదు నుంచి కిరణ్ అనే కుర్ర డైరెక్టరు వచ్చాడు. ఆవిడ నవల ఒకటి సినిమా తీస్తానన్నాడు. తల్లి చనిపోయిన ఓ అమ్మాయి కథ అది. రోజూ మధ్యాహ్నం ఆ ఇంటి దొడ్డి తలుపు గడియ ఊడుతుంది. చివర్లో ఆ అమ్మాయి ధైర్యం చేసి తలుపు తెరుస్తుంది. అవతల ఎవరూ ఉండరు. ఆ ముగింపు దగ్గరే పేచీ వచ్చింది. దయ్యం మొహం కనిపించకపోతే సినిమా లేదని నిర్మాత తేల్చి చెప్పాడట. ఈ సినిమా జారిపోతే ఆవిడ రాతకి ఇక చోటు లేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ ముగింపు పోతే ఆవిడకి ప్రాణం పోయినంత పనని కూడా తెలుసు. నేనైతే నిర్మాతని లోపల్లోపల తిట్టుకుంటున్నాను.

అన్నపూర్ణమ్మగారు మాత్రం గొడవ పడలేదు. "షెడ్డులో రెండూ వినిపిద్దాం బాబూ. చేతులు ఎక్కడ ఆగితే అదే సినిమా" అన్నారు. కిరణ్ ఆ పూటంతా షెడ్డులో కూర్చుని, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆ ఆడవాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

ముందు ఆవిడ ముగింపు నేను చదివాను. గొంతులో ఉన్నదంతా పెట్టి చదివాను. చప్పుడు పలచబడింది, అక్కడక్కడా ఓ చెయ్యి ఆగింది, మళ్ళీ అందుకుంది. తర్వాత కిరణ్ తను రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. నోటితోనే చెప్పాడు.

"తలుపు తీస్తుందండీ. ఎవరూ ఉండరు. సరే కదాని వచ్చి, మిరపకాయల ముందు కూర్చుని తొడిమలు తీసుకుంటుంది. కాసేపటికి చూస్తే పక్కన అమ్మ కూర్చుని ఉంటుంది. అరవదు, మాట్లాడదు. తనూ తొడిమలు తీస్తూ ఉంటుంది."

షెడ్డు మొత్తం ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను అక్కడ ఎప్పుడూ వినలేదు. చివర కూర్చున్న సీతమ్మ మెల్లగా తల తిప్పి తన పక్కామె చేతుల వైపు చూసింది. "పోయినాక కూడా పని తప్పలేదా దానికి" అంది ఎవరితోనూ కాకుండా.

అన్నపూర్ణమ్మగారు కళ్ళు తెరిచారు. "నాది తీసెయ్ పద్మా. ఈ అబ్బాయి చెప్పింది టైపు చెయ్యి" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

నాకు ఏడుపొచ్చింది. వెనకే వెళ్ళాను. ఆవిడ దొడ్డి తలుపు ముందు పీట వేసుకుని ఎండలోకి చూస్తూ కూర్చున్నారు. నేను అడగకముందే చెప్పారు.

"మా అమ్మ మిరపకోతకి వెళ్ళి మధ్యాహ్నం దొడ్డి తలుపులోంచి వచ్చేది. నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత కూడా ఆ వేళకి తలుపు తీసి కూర్చునేదాన్ని. రాలేదు. ఎంతకీ రాకపోవడం కంటే భయపెట్టేది లోకంలో ఉండదనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే రాశాను." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, "వచ్చి ఉంటే అలాగే వచ్చేదమ్మా. కేకలు పెట్టేది కాదు. నా పక్కన కూర్చుని పని అందుకునేది. అమ్మ నాది, తట్టింది ఆ అబ్బాయికి" అన్నారు.

"కష్టంగా లేదాండీ?"

"లేకేం. కానీ నా భయమేమిటని అడిగేదానివే, విను. చప్పుడు ఆగకపోయినా ఆగినట్టు నా చెవికి వినపడే రోజు వస్తుందేమోనని భయం. ఇవాళ రాలేదు కదా, చాలు."

సినిమా వచ్చింది. సత్తెనపల్లిలో మ్యాట్నీకి ఇద్దరం వెళ్ళాం. ఆ సీనులో హాలంతా పాప్‌కార్న్ నమలడం ఆపేసింది. ఆవిడ మోచేత్తో నన్ను పొడిచి, చీకట్లో చిన్నపిల్లలా నవ్వారు. కొన్నేళ్ళకి ఆవిడ పోయారు. చివరి చూపుకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఇంటినిండా జనం, బయట మండే ఎండ, అయినా ఆ దొడ్డి తలుపు ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు.

ఇప్పుడు నేను కూడా సినిమాలకి రాస్తున్నాను. డైరెక్టర్లతో కథ సిట్టింగుల్లో సీను చదువుతున్నప్పుడు మెచ్చుకోళ్ళు నా చెవికెక్కవు. ఫోన్ల మీద ఎవరి బొటనవేలు ఆగిందా అని చూస్తుంటాను. ఇందాక రాసిన సీను కూడా పట్టుకెళ్ళి బాల్కనీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, అత్తయ్యకి చివరిదాకా చదివి వినిపించాను.

"చాలా బాగుందమ్మా" అన్నారు అత్తయ్య, మనస్ఫూర్తిగానే.

చప్పుడు ఒక్కసారీ ఆగలేదు. లోపలికి వచ్చి సీను మొత్తం తీసేసి, మళ్ళీ మొదలుపెట్టాను.