నాయనమ్మ కంచంలో వనస్పతి

మాచవరంలో మాకు రెండు గేదెలుండేవి. అమ్మ కాచిన నెయ్యంతా నరసరావుపేట మిఠాయి కొట్టుకు పోయేది. మా అన్నంలోకి మాత్రం ఆ ఊరి బజారునుంచే తెచ్చిన వనస్పతి. ఊళ్ళో సగం ఇళ్ళు అట్లాగే తిన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

పంతొమ్మిదివందల ఎనభైల్లో నాయనమ్మకు చూపు తగ్గింది. ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట నల్లమచ్చ కనపడతందనేది. అమ్మ వనస్పతి డబ్బా నా ముందుకు నెట్టి, "కళ్ళకు నెయ్యి మంచిది, నాయనమ్మకు ఇంకో చెంచా వెయ్యి" అనేది. నేను వేసేదాన్ని.

ఒకరోజు నాయనమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది.

"ఏమే, ఇది నెయ్యేనా?"

"నెయ్యే నాయనమ్మా" అన్నాను.

చానా ఏళ్ళ తర్వాత కళ్ళ డాక్టర్ని అడిగాను. నూనెను గడ్డకట్టించి చేసే ఆ కొవ్వు రక్తనాళాలకు చెరుపనీ, కంటి వెనకుండే రెటీనాకూ మంచిది కాదనీ అన్నాడు. ఆమె చూపు దానివల్లే పోయిందని మాత్రం చెప్పలేనన్నాడు.

ఆ మాట నాకేం ఊరట? ఆ రోజు నాయనమ్మ ముద్ద వాసన చూసి, మెల్లగా నోట్లో పెట్టుకుంది.

"నాకెట్టాగూ కనపడదు. నువ్వు నెయ్యంటే నెయ్యేలే" అంది.